పైపులైను ఈ కొసన మల్కాపురం

విశాఖలోని మల్కాపురంలో కొత్తగా పరిచయమైన మనిషిని ఏ ఊరని అడిగే ముందు ఏ గేటని అడుగుతారు. హెచ్‌పీసీఎల్ గేటా, షిప్‌యార్డు గేటా, కోరమండల్ గేటా, డాక్‌యార్డు గేటా? తండ్రి ఏ గేటులో పనిచేశాడో కొడుకూ ఆ గేటు దగ్గరే కాంట్రాక్టు లేబరుగా నిలబడిన ఇళ్లు ఇక్కడ వీధికి నాలుగున్నాయి. ఆరింటికి ఎ షిఫ్టు, రెండింటికి బి షిఫ్టు, రాత్రి పదింటికి సి షిఫ్టు. శ్రీహరిపురం, ములగాడ, గుల్లలపాలెం, సింధియా అన్నీ ఈ మూడు వేళలకే లేస్తాయి, పడుకుంటాయి. టీ బడ్డీలు కూడా ఆ లెక్కనే తెరుస్తారు.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ ఇక్కడ ఓడల కార్ఖానా మొదలుపెట్టింది. 1948లో అక్కడ కట్టిన జల ఉష ఓడను నెహ్రూ వచ్చి నీళ్లలోకి దింపారు. కంపెనీ ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డయినా బస్సు కండక్టర్లు ఇప్పటికీ సింధియా అనే కేకేస్తారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, అదే నేటి హెచ్‌పీసీఎల్. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ, ఆ తర్వాత దక్షిణాన ఉక్కు కర్మాగారం. యారాడ కొండకూ రేవుకూ మధ్య ఉన్న పల్లెలు ఇలా ఒక్కో గేటు వెనక్కి జరుగుతూ కాలనీలయ్యాయి. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున రిఫైనరీలో గ్యాస్ పేలి దాదాపు 60 మంది చనిపోయినప్పుడు ఈ ఊళ్లు పిల్లల్ని చంకనేసుకుని రోడ్లమీద పరిగెత్తాయి. నేటికీ రాత్రిపూట సైరన్ మామూలు కంటే రెండు నిమిషాలు ఎక్కువ మోగితే పెద్దవాళ్లు మంచం మీద లేచి కూర్చుంటారు.

ఈ గేట్లలో చాలాచోట్ల కాపలా సీఐఎస్ఎఫ్‌ది. కేంద్ర సాయుధ బలగమంటే మల్కాపురానికి తెలిసింది ఆ జవానే. పాస్ చూపించమంటాడు, టిఫిన్ క్యారేజీ మూత తీయమంటాడు, మోటారు సైకిల్ డిక్కీ తట్టి చూస్తాడు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి మన వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. పండక్కి పిల్లలతో కలిసి గుడికి వస్తాడు. అతనితో మాటామాటా పెరిగితే యూనియన్ లీడరు వస్తాడు, పర్సనల్ ఆఫీసరు వస్తాడు, గంటలో తేలిపోతుంది. చొక్కా జేబులో పాస్ ఉన్న మనిషికి, వెనకాల యూనియన్ ఉన్న మనిషికి తుపాకీ పట్టుకున్న మనిషి అంత భయపెట్టే వాడు కాడు. ఆ పాసూ ఆ యూనియనూ లేని చోట ఇలాంటి యూనిఫారమే ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ కథనం. ఆ చోటుకీ మనకీ మధ్య ఉన్నది ఒక రైలు మార్గం, ఒక పైపులైను, ఒక కోర్టు హాలు.

రైలు మార్గం కొత్తవలస-కిరండోల్ లైను. 1960లలో జపాన్‌కు ఇనుప ఖనిజం అమ్మడానికి, జపాన్ సహకారంతోనే, అనంతగిరి కొండల్ని సొరంగాలుగా తొలిచి వేశారు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలడిల్లా కొండల నుంచి ఖనిజం దిగి విశాఖ రేవుకు చేరుతుంది. ఉక్కు కర్మాగారానికి సొంత గనులు లేవు, అది తినేదీ ప్రధానంగా ఆ ఖనిజమే. గాలి మళ్లిన రోజున మన కిటికీ రెక్కల మీద వేలితో గీస్తే ఎర్రగా అంటుకునేది బైలడిల్లా మట్టి. ఉతికిన బట్టలు లోపలే ఆరేసుకోవడానికీ, చంటిపిల్లల దగ్గుకీ ఈ ఊళ్లో అందరూ దాన్ని తిట్టుకుంటారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు.

పైపులైను ఇంకా కొత్తది, 267 కిలోమీటర్లు. కిరండోల్‌లో ఖనిజం పొడిని నీళ్లలో కలిపి బురదలా చేసి తోస్తే, మల్కనగిరి అడవుల గుండా, కనుమలు దిగి, సింధియా రోడ్డు పక్కనున్న పెల్లెట్ ప్లాంటుకు వస్తుంది. ఎస్సార్ కట్టింది, ఇప్పుడు ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్ చేతిలో ఉంది. ఖనిజంతో పాటు ఆ కొండల నీళ్లు కూడా మన దాకా వస్తున్నాయన్నమాట.

ఆ పైపు అవతలి కొసలో సోనీ సోరి అనే ఆదివాసీ పంతులమ్మ ఉండేవారు. దంతెవాడ జిల్లాలో పిల్లలకు చదువు చెప్పేవారు. పైపులైను జోలికి రాకుండా ఉండటానికి ఎస్సార్ మావోయిస్టులకు డబ్బు పంపుతోందని, ఆ డబ్బు చేరవేసేవాళ్లలో ఆమె, ఆమె మేనల్లుడు లింగారాం కొడోపి ఉన్నారని 2011లో పోలీసులు కేసు పెట్టారు. అక్టోబరు 4న ఢిల్లీలో ఆమెను పట్టుకుని దంతెవాడ తీసుకెళ్లారు. స్టేషన్‌లో కరెంటు షాకులిచ్చారని, బట్టలు విప్పించారని, లైంగికంగా హింసించారని ఆమె సుప్రీంకోర్టుకు చెప్పుకున్నారు. కోర్టు కోల్‌కతాలోని ఎన్ఆర్ఎస్ వైద్య కళాశాలలో పరీక్ష చేయించింది. డాక్టర్లకు ఆమె శరీరం లోపల రాళ్లు దొరికాయి. ఆ తర్వాత వచ్చిన 2012 గణతంత్ర దినోత్సవాన, ఆమె ఎవరి మీద ఆరోపణ చేశారో ఆ పోలీసు సూపరింటెండెంటుకు వేరే ఎదురుకాల్పుల్లో చూపిన ధైర్యానికంటూ శౌర్య పతకం ప్రకటించారు. పదేళ్ల పైచిలుకు తర్వాత, 2022 మార్చిలో, దంతెవాడ ప్రత్యేక కోర్టు ఎస్సార్ కేసు కొట్టేసింది. ఆమె నిర్దోషిగా తేలారు. రాళ్ల సంగతి మాత్రం ఎవరి మీదా రుజువు కాలేదు. ఆ కేసుకు కారణమైన పైపు మన ఊళ్లో దిగుతుంది. సోనీ సోరి పేరు మల్కాపురంలో ఎంతమందికి తెలుసో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బైలడిల్లా కొండలకు పడమటి పక్క బీజాపూర్ జిల్లా. 2005లో అక్కడ సల్వా జుడుం మొదలైంది. ప్రభుత్వం ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసు అధికారులని పేరు పెట్టి, సొంత మనుషుల ఊళ్ల మీదికే తోలింది. ఇళ్లు తగలబడ్డాయి, మిగిలినవాళ్లను రోడ్డు పక్క శిబిరాల్లోకి తరలించారు. వేలమంది కోయలు శబరి, గోదావరి వైపు దిగివచ్చి చింతూరు, భద్రాచలం అడవుల్లో పాకలు వేసుకున్నారు. మనం గుత్తికోయలని పిలిచేది వాళ్లనే. అటవీశాఖ ఆ పాకలనూ ఎన్నిసార్లు పీకించిందో లెక్కలేదు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఈ వ్యవహారమంతా రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. తీర్పు వచ్చిన కొద్ది నెలలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం చేసుకుని ఆ యువకుల్నే మరో పేరుతో బలగాల్లోకి తీసుకుంది.

2012 జూన్ 28 రాత్రి అదే బీజాపూర్ జిల్లా సార్కెగూడలో జనం విత్తనాల పండుగ మాట్లాడుకోవడానికి కూడారు. మన ఏజెన్సీలో దుక్కికి ముందు పెద్దలు కూర్చుని రోజు ఖాయం చేసుకుంటారే, అలాంటి కూడిక అది. సీఆర్పీఎఫ్, రాష్ట్ర పోలీసులు చుట్టుముట్టి కాల్చారు. 17 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. మర్నాడు ఢిల్లీ నుంచి వచ్చిన మాట, చచ్చిపోయినవాళ్లు మావోయిస్టులని. జస్టిస్ వి.కె.అగర్వాల్ కమిషన్ ఏడేళ్లు విచారించి, వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, జనం వైపు నుంచి కాల్పులు జరగలేదని, జవాన్లకు తగిలిన తూటాలు తోటి జవాన్లవే అయ్యుంటాయని 2019లో రాసిచ్చింది. సార్కెగూడ కాల్పుల మరుసటి ఏడాది, 2013 మేలో, ఎడెస్‌మెట్టలో ఇదే విత్తనాల పండుగ రోజున ఎనిమిది మంది గ్రామస్థులు బలయ్యారు. ఆ ఊరిపైనా ఇదే న్యాయమూర్తి నివేదిక ఇచ్చారు, భద్రతా దళాలు కంగారుపడి కాల్చి ఉంటాయని. రెండు నివేదికలూ శాసనసభ బల్లెక్కాయి. ముద్దాయిల బోనెక్కినవాడు లేడు.

బస్తర్ మన రాష్ట్రం కాదు, అక్కడి సంగతి మనకెందుకని ఎవరైనా అనవచ్చు. అయితే వాకపల్లికి వెళ్దాం.

మన విశాఖ మన్యంలోని జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలో అదొక చిన్న కోందు ఊరు. కోందులు ఆదిమ తెగ, వాళ్ల ఇంటి భాష కువి. పోడు, పసుపు, కాస్త కాఫీ, సంతలో అమ్ముకునే అడ్డాకులు, చింతపండు. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గ్రేహౌండ్స్ దళం గాలింపుకని ఊళ్లోకి వచ్చింది. 21 మంది. 1989లో నక్సలైట్లను అణచడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెట్టుకున్న ఈ దళం రాష్ట్ర పోలీసుశాఖదే అయినా నడకంతా సైన్యం తరహా. అడవిలో రోజుల తరబడి నడుస్తారు, ఎవరెక్కడున్నారో పక్క స్టేషన్‌కు కూడా తెలియనివ్వరు. ఆ పొద్దున పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి ఆడవాళ్లు 11 మంది చెప్పారు. అప్పటి పాడేరు ఎమ్మెల్యే లకే రాజారావు వాళ్లకు తోడు నిలిచారు. పాడేరు స్టేషన్‌లో కేసు నమోదైంది.

ఇక్కడ నిదానంగా చూడాలి. ఇలాంటి కేసు నీరుగారిపోయేది తీర్పు చెప్పే రోజున కాదు, మొదటి వారంలోనే. ఒకే రంగు దుస్తులు, ఒకే రకం టోపీలు, మునుపెన్నడూ చూడని 21 ముఖాలు. ఆ ఆడవాళ్లకు ఎవరి పేరూ తెలియదు. ఎవరేం చేశారో చెప్పగలిగే దారి ఒక్కటే, గుర్తింపు కవాతు. మేజిస్ట్రేటు ఎదుట ఆ 21 మందినీ ఇతరులతో కలిపి వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరిని పిలిచి చూపించమనడం. చిల్లర దొంగతనం కేసులో కూడా మన స్టేషన్లు చేసే పని. ముఖాలు మరుపున పడకముందే, రోజుల్లో చేయాలి. వాకపల్లిలో అది జరగలేదు. ఆ పొద్దున ఊళ్లోకి ఎవరెవరు వెళ్లారో పోలీసుశాఖ రికార్డుల్లోనే ఉంది, వెతికి పట్టుకోవాల్సిన పని కూడా లేదు. అయినా ఒక్కరినీ అరెస్టు చేయలేదు. దర్యాప్తు చేసిందీ పోలీసులే, నిందితులూ పోలీసులే. చివరికి అసలు నేరమే జరగలేదన్నట్టు కేసు మూసేయమని నివేదిక పెట్టారు.

ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు అండగా ఉండగా పాడేరు మేజిస్ట్రేటు ముందు నిరసన పిటిషన్ వేశారు. 2008లో మేజిస్ట్రేటు కేసు విచారణకు తీసుకున్నారు. పోలీసులు హైకోర్టుకు వెళ్లారు. 2012 ఏప్రిల్‌లో హైకోర్టు ఎనిమిది మందిని వదిలేసి 13 మందిని విచారించమంది. పోలీసులు సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. అక్కడ ఐదేళ్లు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇక ఆరు నెలల్లో విచారణ ముగించాలంది. విశాఖలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఏర్పాటైన ప్రత్యేక కోర్టులో 2018లో విచారణ మొదలైంది. మొదట చెప్పిన కోర్టు హాలు అదే. ఆరు నెలలన్నది ఐదేళ్లయింది.

విచారణ ఉన్న రోజున వాకపల్లి నుంచి రావడమంటే కొండ దిగి, జి.మాడుగుల, పాడేరు, ఘాటు రోడ్డు, చోడవరం మీదుగా మన నగరానికి రావడం. కూలి పోతుంది. బోనెక్కి, పదేళ్లకు పైబడిన నాటి పొద్దుటి సంగతి పరాయి భాషలో, నిందితులు చూస్తుండగా, వాళ్ల లాయరు గుచ్చిగుచ్చి అడుగుతుంటే చెప్పాలి. చెప్పారు. కేసు తేలేలోపు ఆ పదకొండు మందిలో ఇద్దరు చనిపోయారు. నిందితుల్లో కొందరు రిటైరయ్యారు, కొందరు చనిపోయారు.

2023 ఏప్రిల్ 6న తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులు. దానితో పాటే కోర్టు మరో మూడు మాటలు చెప్పింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయనందువల్లే ముద్దాయిలు బయటపడుతున్నారంది. బాధితులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలంది. దర్యాప్తు అధికారిపై చర్య కోసం ఆ సంగతిని దర్యాప్తు లోపాలు చూసే అపెక్స్ కమిటీ ముందు పెట్టమంది. మర్నాటి పేపర్లలో పెద్దక్షరాల్లో పడింది మొదటి ముక్క. కింద నాలుగో పేరాలో పడిన ముక్కే అసలైంది. అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్లకు ఏ కోర్టూ పరిహారం ఇవ్వమనదు. పరిహారం ఇమ్మన్న కోర్టు, ఆ ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని, దాన్ని చేసినవాళ్ల దాకా చట్టం చేయి చేరకుండా దర్యాప్తు అడ్డుపడిందని చెప్పినట్టే.

ఈ అడ్డు ఒక్క వాకపల్లిదే కాదు. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ పోలీసుల మీద హత్య కేసు కట్టి, ఆత్మరక్షణ అయితే ఆ సంగతి కోర్టులోనే రుజువు చేసుకోవాలని 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న తీర్పది. నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఇంకా వెనక్కి పోతే ఆ కొండల్లోనే పాత లెక్క ఒకటుంది. గూడెం రోడ్డు పనికి బ్రిటిష్ సర్కారు కూలీ ఎగ్గొట్టి తోలినందుకు, పోడు కొట్టనివ్వనందుకు మన్యం జనం 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నడిచారు. స్థానిక పోలీసులు చాలక మలబార్ స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపారు. 1924 మే 7న పట్టుకున్న మనిషిని కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చేశారు. ఎవరికీ శిక్ష పడలేదు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టాం. వాకపల్లి ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది.

మావోయిస్టుల తుపాకులకు బలైనవాళ్లనూ చెప్పాలి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కారు ఆపి చంపేశారు. ఇద్దరూ గిరిజన నాయకులే. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవ మీద దాడి చేసి 38 మంది జవాన్లను చంపారు. ఇన్‌ఫార్మర్లని ముద్ర వేసి ఎందరో పల్లెవాసుల గొంతు కోశారు. ఆ హత్యలను ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. కానీ ఆ కేసుల్లో వెతుకుతారు, పట్టుకుంటారు, జైల్లో పెడతారు, ఎదురుపడితే కాలుస్తారు. చట్టం అక్కడ కదులుతుంది. యూనిఫారం ఉన్నవైపుకు వచ్చేసరికే నిలిచిపోతుంది. ఆదివాసీ అడుగుతున్నది ఈ తేడా గురించి.

కాగితం మీద ఆ కొండలకున్నంత స్వపరిపాలన హక్కు మన మల్కాపురానికి లేదు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు, గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదన్న 1/70 చట్టం, గ్రామసభ మాటకు విలువిచ్చిన 1996 పెసా చట్టం, ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న 1997 సమత తీర్పు. ఆ తీర్పు పుట్టింది మన పక్క అనంతగిరి కొండల్లోని గొడవ నుంచే. చింతపల్లి, జెర్రెల బాక్సైటు కొండల్ని ఇన్నాళ్లూ ఆపింది ఈ చట్టాలు, వాటిని పట్టుకు నిలబడ్డ గ్రామసభలు. అయితే గ్రామసభకు జనం కూడాలి. వాకపల్లి తర్వాత, సార్కెగూడ తర్వాత, నలుగురు రాత్రిపూట కూర్చుని మాట్లాడుకోవాలంటే భయపడే ఊళ్లో గ్రామసభ ఎలా జరుగుతుంది? సాయుధ బలగాలకు శిక్ష పడని చోట మొదట పోయేది ఆ కూడికే. అది పోయాక కొండ ఎవరిదన్న తగువు దానంతటదే తేలిపోతుంది.

మల్కాపురానికి పోరాటం కొత్త కాదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో లేచిన ఉద్యమంలో నవంబరు 1న ఈ నగరంలో పోలీసులు కాల్చారు. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారాన్ని అమ్ముతామన్నప్పటి నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో ఆ 32 మందిని తలవని ఉపన్యాసం లేదు. తలవాల్సిందే. ఆ ప్లాంటు బతకడానికి బైలడిల్లాలో సొంత గని ఇమ్మని అదే శిబిరం అడుగుతోంది. ఆ డిమాండూ న్యాయమైందే. కానీ ఆ గని ఉన్న కొండ కింద ఎవరున్నారో, వాళ్ల మీద తుపాకీ ఎవరు పెట్టారో మన మైకుల్లో ఒక్కసారి కూడా వినపడకపోతే, 32 మంది కోసం మనం అడిగే న్యాయం సగమే అవుతుంది. ఐదేళ్లు వాకపల్లి ఆడవాళ్లు మన కోర్టుకు వచ్చిపోయారు. మన కార్మిక సంఘాలు వాళ్ల వెంట బారులు తీరి నడిచిన రోజు లేదు.

ఇప్పుడైనా పట్టుకోదగ్గ కొస ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం బాధితుల కేసులో కావాలని విధి విస్మరించిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. అదే చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. వాకపల్లి ఉన్న అల్లూరి జిల్లాకు పాడేరులో ఒకటి, తీర్పు చెప్పిన కోర్టున్న విశాఖలో ఒకటి. దర్యాప్తు అధికారి మీద చర్య ఏమైందని, పరిహారం ఆ తొమ్మిది మందికీ, పోయిన ఇద్దరి పిల్లలకూ చేరిందా అని ఆ రెండు కమిటీలనూ రాతపూర్వకంగా అడిగే హక్కు ఏ పౌరుడికైనా ఉంది. వినతిపత్రం ఎలా రాయాలో, రసీదు ఎలా తీసుకోవాలో, జవాబు రాకపోతే ఎక్కడ కూర్చోవాలో మల్కాపురం యూనియన్ ఆఫీసుల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. విశాఖ కలెక్టరేటుకు సింధియా నుంచి బస్సుంది. పాడేరుకు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మారాలి.